ఫిట్స్ ఉన్నాయి, శబ్దాలూ లైట్లూ పడవు... మూడు రోజుల థీమ్ పార్క్ ట్రిప్‌కి వెళ్లొచ్చా? 22 ఏళ్ల అనుభవంతో నా జవాబు

మీరు రాసింది నాకు ఎలా అర్థమైందో ముందు చెప్తాను. మీకు 24 ఏళ్లు. జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ ఉంది, అందరూ జేఎమ్ఈ అనేది. ఎక్కువగా టీనేజ్‌లో మొదలయ్యే, చేతులు ఉన్నట్టుండి కుదుపుతో ఎగిరే ఒక రకం మూర్ఛ అది. మందులు వేళకి వేసుకుంటున్నారు, పెద్ద ఫిట్ వచ్చి 14 నెలలైంది. దానికి తోడు చిన్నప్పటి నుంచి పెద్ద శబ్దాలు, మెరిసే లైట్లు, జనం తోసుకోవడం మీకు పడవు. కజిన్స్ అంతా కలిసి మూడు రోజుల థీమ్ పార్క్ ట్రిప్ వేశారు. వెళ్లొచ్చా, ఏ రైడ్లు ఎక్కొచ్చు, వాళ్లకి ఎంతవరకు చెప్పాలి, అక్కడ ఏమైనా అయితే ఎలా అని మీ టెన్షన్. చివర్లో బాణసంచా చూడొచ్చా అని కూడా అడిగారు.

నాదీ జేఎమ్ఈనే. 15 ఏళ్లప్పుడు తేలింది, ఇప్పుడు నాకు 37. శబ్దాల విషయంలోనూ మీలాంటిదాన్నే. ఇప్పటికి తొమ్మిదిసార్లు థీమ్ పార్కులకి వెళ్లాను. అందులో రెండుసార్లు సగంలోనే తిరిగి వచ్చేశాను, మిగతా ఏడుసార్లు సంతోషంగా గడిచాయి. నేను డాక్టర్ని కాదు. మీ న్యూరాలజిస్ట్ ఒప్పుకుంటే మాత్రం వెళ్లండి అనే చెప్తాను. మన ఒంటి తీరు మనకి తెలిస్తే, పక్కనున్నవాళ్లకీ తెలిస్తే, ఇది మనకి దక్కకూడని ఆనందమేమీ కాదు.

జేఎమ్ఈ ఉన్నవాళ్లు రోలర్ కోస్టర్ కంటే ముందు భయపడాల్సింది పొద్దున్నే మోగే అలారానికి. నిద్ర సరిపోకపోవడం, అలసట, మందు తప్పడం, మద్యం: మనకి ఫిట్స్ తెచ్చేవి ఎక్కువగా ఇవే. అవి వచ్చే వేళ కూడా ఎక్కువగా నిద్ర లేచిన తొలి గంటా రెండు గంటల్లోనే. పార్కుల గురించి ఎవరు సలహా ఇచ్చినా 'గేట్లు తెరిచేసరికి అక్కడ ఉండండి, జనం తక్కువగా ఉంటారు' అంటారు. శబ్దాలు పడనివాళ్లకి అది మంచి సలహానే. మీకూ నాకూ మాత్రం అదే ప్రమాదం.

నాకు 26 ఏళ్లప్పుడు ఇలాగే జరిగింది. ముందురోజు ప్రయాణం ఆలస్యమై రాత్రి ఒంటిగంటకి పడుకున్నాం. మొదటి వరుసలో ఉండాలని ఐదింటికే లేచాం. ఏడున్నరకి టికెట్ లైన్లో నిలబడి కాఫీ తాగుతున్నాను. ఎవరో పట్టి లాగి వదిలేసినట్టు నా కుడిచెయ్యి ఒక్కసారి ఎగిరింది. సగం కాఫీ ముందు నిలబడ్డాయన చొక్కా మీద పడింది. ఆయన వెనక్కి తిరిగేలోపు రెండో కుదుపు వచ్చింది, కప్పు కూడా చేతిలోంచి ఎగిరిపోయింది. ఈ కుదుపులు వరసగా వస్తే తర్వాత పెద్ద ఫిట్ రావొచ్చని నాకు తెలుసు. నా స్నేహితురాలికి కూడా తెలుసు, ఎందుకంటే ముందే చెప్పి ఉంచాను. ఆయనకి సారీ చెప్పి, నా బ్యాగ్ తన భుజానికి తగిలించుకుని, నన్ను లైన్లోంచి పక్కకి తీసుకెళ్లి గడ్డి మీద కూర్చోబెట్టింది. 'ఏమైంది, బాగానే ఉందా' అని పదిసార్లు అడగలేదు. పొద్దుటి మాత్ర వేసుకున్నానా అని ఒక్కటే అడిగింది. వేసుకున్నాను. రూమ్‌కి వెళ్లిపోయాం. పన్నెండు దాకా నిద్రపోయి, మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వచ్చాం. ఆ సాయంత్రం నాలుగు రైడ్లు ఎక్కాను. పెద్ద ఫిట్ రాలేదు.

అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. ముందురోజు రాత్రి పార్కుకి దగ్గరలోనే ఉండాలి. ఎనిమిది గంటల నిద్ర పూర్తయ్యాకే బయల్దేరాలి, అప్పటికి పదకొండైనా సరే. మీ కజిన్స్ పొద్దున్నే వెళ్తామంటే వెళ్లనివ్వండి, మీరు తర్వాత వెళ్లి కలవండి. మూడు రోజుల ట్రిప్ అంటున్నారు కాబట్టి మధ్యరోజు పార్కు పెట్టుకోకపోవడం మంచిది. అలసట ఒక్కరోజులో పోదు, పోగవుతూ ఉంటుంది. సెలవులు లేని వారం మధ్యలో వెళ్లగలిగితే సగం ఇబ్బంది అక్కడే తగ్గిపోతుంది.

ఇక లైట్లు. మూర్ఛ ఉన్నవాళ్లందరికీ మెరిసే వెలుగు వల్ల ఫిట్స్ వస్తాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అలా వచ్చేది 100 మందిలో దాదాపు ముగ్గురికే. కానీ జేఎమ్ఈ ఉన్నవాళ్లలో ఇది చాలా ఎక్కువ, అందుకే మీ సంగతేమిటో ముందే తెలుసుకోండి. మీ ఈఈజీ రిపోర్ట్, అంటే మెదడులో విద్యుత్ తీరు చూసే పరీక్ష రిపోర్ట్, బయటికి తీసి 'ఫోటిక్ స్టిమ్యులేషన్' (పరీక్షలో కళ్ల ముందు లైటు మెరిపించి చూడటం) అని ఉన్న చోట ఏం రాశారో చూడండి. అర్థం కాకపోతే డాక్టర్ని అడగండి. అక్కడ తేడా ఏమీ లేదని ఉంటే, మీ బాధ లైట్లు చికాకు పెట్టడం వరకే కావచ్చు. అది చిన్న బాధ అనడం లేదు, కానీ ప్రమాదం వేరు, బాధ వేరు. రెంటికీ జాగ్రత్తలు కూడా వేరు.

తేడా ఉందని రాసి ఉంటే మాత్రం సెకనుకి 3 నుంచి 30 సార్లు మెరిసే వెలుగుకి దూరంగా ఉండాలి. దీని బలం ఎంతో లోకానికి తెలిసింది 1997 డిసెంబర్ 16న. ఆ రోజు జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకి సుమారు 12 సార్లు మారుతూ మెరిశాయి. 600 మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లలో చాలామందికి అంతకుముందు ఫిట్స్ వచ్చిన చరిత్రే లేదు. అందుకే స్ట్రోబ్ లైట్లు, అంటే ఒకే లయలో టకటకా మెరిసే లైట్లు, ఉన్న రైడ్ల దగ్గర పార్కులు హెచ్చరిక బోర్డులు పెడతాయి. లైన్లోకి వెళ్లకముందే ఆ బోర్డు మొత్తం చదవండి.

బోర్డులో ఉండని మెరుపులు కూడా ఉంటాయి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు కోస్టర్ వరస స్తంభాల పక్కనుంచి దూసుకెళ్తుందనుకోండి. గంటకి 54 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 15 మీటర్లు. స్తంభాల మధ్య దూరం మీటరే అయితే మీ కళ్ల మీద వెలుగూ నీడా సెకనుకి 15 సార్లు మారతాయి. అది సరిగ్గా మనకి పడని లెక్క. లైన్లో తల పైన లైటు, దాని కింద తిరిగే ఫ్యాన్ ఉన్నా అంతే. ఇలాంటి చోట నిలబడాల్సి వస్తే రెండడుగులు జరిగితే చాలు.

అనుకోకుండా మెరుపులు మొదలైతే ఏం చెయ్యాలో గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఒక కన్నుని అరచేత్తో పూర్తిగా మూసేసి, మొహం వెలుగు నుంచి పక్కకి తిప్పండి. రెండు కళ్లూ మూసుకుంటే సరిపోతుందని అనిపిస్తుంది, కానీ వెలుగు రెప్పల్లోంచి ఎర్రగా లోపలికి వస్తూనే ఉంటుంది. ఒక కన్ను పూర్తిగా కప్పితే మెదడుకి చేరే ప్రేరణ బాగా తగ్గుతుంది. నాకు ఇది ఒకసారి ఉపయోగపడింది. రైడ్‌కి ముందు అందర్నీ ఒక చీకటి గదిలోకి పంపి తలుపులు వేశారు. కథ చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి తెల్లటి స్ట్రోబ్ మొదలుపెట్టారు. ఎడమకన్ను మీద అరచెయ్యి నొక్కిపెట్టి గోడవైపు తిరిగి నిలబడ్డాను. లైట్లు ఆగగానే అక్కడున్న ఉద్యోగినికి 'నాకు ఫిట్స్ ఉన్నాయి, బయటికి వెళ్లాలి' అని చెప్పాను. ఒక్క ప్రశ్న వెయ్యకుండా పక్క తలుపు తీసి పంపించింది. చాలా రైడ్లకి ఎక్కే చోటు దాకా వెళ్లాక కూడా బయటికి వచ్చే దారి ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దు.

కళ్లద్దాల గురించి ఒక మాట. మామూలు నల్లకళ్లద్దాలు ఎండలో హాయిగా ఉంటాయి, కానీ ఫిట్స్ నుంచి కాపాడతాయని నమ్ముకోవద్దు. జెడ్‌వన్ అనే ముదురు నీలం అద్దాల మీద ఇటలీలో 610 మందిపై చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. అందులో చాలామందికి ఈఈజీలో వెలుగు వల్ల వచ్చే తేడా పూర్తిగా పోవడమో తగ్గడమో జరిగింది. మీకు అవి పనికొస్తాయో లేదో డాక్టర్నే అడగండి. నీడపట్టున, గదుల్లో కూడా నల్లద్దాలు పెట్టుకునే ఉంటే మాత్రం కళ్లు వెలుగుకి ఇంకా సున్నితమవుతాయి.

శబ్దాలకి నేను రెండు రకాలు తీసుకెళ్తాను: చెవుల మీద పెట్టుకునే ఇయర్‌మఫ్‌లు, చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్‌లు. నడిచేటప్పుడు, షోల్లో, పరేడ్ దగ్గర మఫ్‌లు సుఖం. వేగంగా వెళ్లే రైడ్లలో వాటిని పెట్టుకోనివ్వరు, ఊడి ఎగిరిపోతాయని. అక్కడ ప్లగ్‌లే దిక్కు. ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. చాలామంది సగమే లోపలికి పెట్టి ఇది పనిచెయ్యడం లేదంటారు. ఇంట్లో నాలుగైదుసార్లు అలవాటు చేసుకుని వెళ్లండి. పార్కులో నన్ను ఎక్కువ బాధపెట్టేవి రైడ్లు కావు. బాత్రూముల్లో చేతులు ఆరబెట్టే మెషీన్లు, లైన్లో ప్రతి రెండు నిమిషాలకీ అదే మాట అరిచే స్పీకర్లు. బాత్రూమ్‌లోకి వెళ్లేముందే మఫ్‌లు పెట్టుకోండి. అలాగని పొద్దున్నించి రాత్రిదాకా చెవులు మూసే ఉంచొద్దు. తీసిన తర్వాత మామూలు శబ్దం కూడా భరించలేనంతగా తోస్తుంది.

ఇన్నేళ్లలో నేర్చుకున్నవాటిలో నేను అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది ఒకటుంది: విశ్రాంతి కావాలనిపించకముందే ఆగాలి. తల దిమ్ముగా ఉందని తెలిసేసరికే ఆలస్యమైపోతుంది, అప్పుడు గంట కూర్చున్నా తేరుకోలేం. నేను ఫోన్లో టైమర్ పెట్టుకుంటాను. 50 నిమిషాలు తిరగడం, 20 నిమిషాలు ఎక్కడైనా నీడలో ఊరికే కూర్చోవడం. బాగానే ఉన్నా సరే కూర్చుంటాను. మొదటి గంటలో ఇది అనవసరమనిపిస్తుంది, ఐదో గంటలో దీని విలువ తెలుస్తుంది. పార్కులోకి వెళ్లగానే మ్యాప్‌లో ఫస్ట్ ఎయిడ్ గది ఎక్కడుందో చూసుకోండి. చాలా పార్కుల్లో అక్కడ పడుకోవడానికి మంచం, కాస్త నిశ్శబ్దం దొరుకుతాయి. మీకు హద్దు దగ్గరపడుతోందని చెప్పే గుర్తులేమిటో కూడా రాసి పెట్టుకోండి. నాకైతే మాటకి మాట దొరకడం ఆలస్యమవుతుంది, దగ్గరి గొంతులూ దూరపు గొంతులూ ఒకే ఎత్తులో వినిపిస్తాయి. మా స్నేహితురాలు ఇది నాకంటే ముందే కనిపెడుతుంది.

ఏ రైడ్ ఎక్కొచ్చో తేల్చుకోవడానికి నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను. ఇక్కడ రెండు నిమిషాలు స్పృహ తప్పితే నాకేమవుతుంది? సీట్లో గట్టిగా బిగించి కూర్చోబెట్టే రైడ్‌లో ఫిట్ వస్తే అది చెడ్డ సంగతే, కానీ కిందపడిపోను. గో-కార్ట్‌లో స్టీరింగ్ నా చేతిలో ఉంటుంది, కాబట్టి ఎక్కను. గోడ ఎక్కడాలు, చేత్తో పట్టుకుని వేలాడేవి ఎక్కను. పెద్ద కోస్టర్లు, నిటారుగా పడేసే టవర్ల సంగతి డాక్టర్ని అడగండి. అడిగేటప్పుడు 'రైడ్లు ఎక్కొచ్చా' అని ఊరికే అడగొద్దు, మీరు ఎక్కాలనుకుంటున్న రైడ్ల పేర్లు, అవి ఏం చేస్తాయో రాసి తీసుకెళ్లండి. మెదడులో షంట్ (అక్కడి నీటిని బయటికి పంపే గొట్టం) ఉన్నవాళ్లు, తలకో మెడకో ఆపరేషన్ జరిగినవాళ్లు, ఫిట్స్ తగ్గించడానికి ఒంట్లో అమర్చే వీఎన్ఎస్ లాంటి పరికరం పెట్టించుకున్నవాళ్లు ఇది ఇంకా వివరంగా మాట్లాడాలి. కుదుపులూ అయస్కాంతాలూ వాళ్లకి వేరే సమస్య. రైడ్ వీడియోలు యూట్యూబ్‌లో ముందే చూడటం మంచిదే. కాకపోతే లైట్లు వేసుకుని, చిన్న తెరమీద, దూరంగా పెట్టుకుని చూడండి. ఆ వీడియోలోనే స్ట్రోబ్ ఉండొచ్చు.

నీళ్ల దగ్గర మాత్రం నేను దేనికీ రాజీపడను. మూర్ఛ ఉన్నవాళ్లు మునిగి చనిపోయే ప్రమాదం మిగతావాళ్ల కంటే 15 నుంచి 19 రెట్లు ఎక్కువని 2008లో వచ్చిన ఒక పరిశీలన తేల్చింది. మునిగేవాళ్లు అరవరు. వేవ్ పూల్‌లో వందమంది మధ్య ఒకరు కిందికి వెళ్లిపోయినా ఎవరికీ కనపడదు. మీ విషయం తెలిసిన, ఈత వచ్చిన మనిషి చెయ్యి చాచితే అందేంత దగ్గరలో లేకుండా నీళ్లలోకి దిగకండి. ఒంటరిగా జారే పెద్ద వాటర్ స్లైడ్లు వదిలెయ్యండి. పడవలో కూర్చుని కాస్త తడిసే రైడ్ల గురించి బెంగ అక్కర్లేదు.

మందులు లాకర్లో కాదు, మీ ఒంటిమీదున్న బ్యాగ్‌లోనే ఉండాలి. ఒకరోజుకి సరిపడా అదనంగా పెట్టుకోండి. టోపిరామేట్, జోనిసమైడ్ వాడేవాళ్లకి చెమట తక్కువగా పట్టి ఒళ్లు వేడెక్కిపోవచ్చు. మీ మందుల్లో ఆ పేర్లుంటే మిట్టమధ్యాహ్నం ఎండలో లైన్లో నిలబడే ఆలోచనే వద్దు. ముక్కులో కొట్టే మిడజోలమ్ లాంటి ఎమర్జెన్సీ స్ప్రే మీకు రాసి ఉంటే అది మీ దగ్గర కాదు, మీతో ఉండే మనిషి దగ్గర ఉండాలి. ఎండలో ఆపిన కార్లో ఏ మందూ వదలొద్దు.

లైన్ల విషయంలో ముందే పార్కుకి రాయండి. డిస్నీ పార్కుల్లో డిసేబిలిటీ యాక్సెస్ సర్వీస్ ఉంది. లైన్లో నిలబడకుండా ఒక టైమ్ ఇస్తారు, అప్పటిదాకా బయట ఎక్కడైనా ఉండొచ్చు. అమెరికాలోని వాళ్ల పార్కుల్లో 2024లో నియమాలు బిగించారు, ఆటిజం లాంటి ఎదుగుదలకి సంబంధించిన సమస్యలున్నవాళ్లకే ముఖ్యంగా ఇస్తున్నారు. మిగతా పార్కుల్లో ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఎక్కడ అడిగినా జబ్బు పేరు చెప్పి ఊరుకోవద్దు, మీరు చెయ్యలేనిది ఏమిటో చెప్పండి. 'నాకు మూర్ఛ ఉంది' అంటే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. 'నీడ లేని చోట గంటన్నర నిలబడితే నాకు ఫిట్ వచ్చే ప్రమాదం ఉంది, ఇరుకు లైన్లోంచి త్వరగా బయటికి రాలేను' అంటే ఏం చెయ్యాలో వాళ్లకి తెలుస్తుంది. కొన్ని పార్కులు ఏ రైడ్‌లో శబ్దం ఎంత, వెలుగు ఎంత అని 1 నుంచి 10 దాకా అంకెలు వేసి సెన్సరీ గైడ్ ఇస్తాయి. అమెరికాలో సెసమీ ప్లేస్ 2018లో ఆటిజం సెంటర్‌గా గుర్తింపు పొందిన మొదటి థీమ్ పార్క్ అయింది, అలాంటి గైడ్లు ఆ తర్వాత చాలాచోట్లకి వచ్చాయి. పొద్దుతిరుగుడు పువ్వులున్న ఆకుపచ్చ మెడ పట్టీ గురించి విన్నారా? పైకి కనపడని ఇబ్బంది ఉందని చెప్పడానికి 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలుపెట్టారు. దాన్ని గుర్తుపట్టే పార్కులు చాలానే ఉన్నాయి. పట్టీ వేసుకున్నంత మాత్రాన లైన్ దాటనివ్వరు, కానీ మీతో మాట్లాడే తీరు మారుతుంది.

కజిన్స్‌కి చెప్పాలా అంటే, చెప్పాలి. అందరికీ అన్నీ అక్కర్లేదు. రోజంతా మీతో ఉండే ఒక్కరికి మొత్తం చెప్పండి, మిగతావాళ్లకి రెండు మాటలు చాలు: 'నేను మధ్యమధ్య కూర్చుంటాను. వెళ్లిపోతానంటే బతిమాలొద్దు.' ఆ రెండో మాట ఇంట్లోనే ఒప్పించుకోండి. పార్కులో అందరూ సరదాగా ఉన్నప్పుడు 'ఇంకొక్కటే' అంటారు, మనం కాదనలేం. నేను సగంలో వచ్చేసిన రెండుసార్లలో ఒకసారి అలా 'ఇంకొక్కటే' అన్నందుకే.

ఆ ఒక్కరికి ఇది కాగితం మీద రాసి ఇవ్వండి. ఫిట్ వస్తే టైమ్ చూసుకోవాలి. తల కింద మెత్తటిది పెట్టాలి, చుట్టూ గట్టి వస్తువులుంటే జరపాలి. గట్టిగా పట్టుకోకూడదు, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో ఏమీ పెట్టకూడదు. కుదుపులు ఆగగానే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి మెలకువ రాకుండానే ఇంకొకటి వచ్చినా, దెబ్బ తగిలినా, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా, నీళ్లలో వచ్చినా వెంటనే అంబులెన్స్ పిలవాలి. ఇంకొకటి కూడా రాయండి, దీన్ని ఎవరూ రాయరు: లేచాక చుట్టూ నిలబడి చూసేవాళ్లని పంపించెయ్యాలి, ఫోన్లు ఎత్తినవాళ్లని ఆపాలి. కళ్లు తెరవగానే అపరిచితుల మొహాలు గుంపుగా కనిపిస్తే ఎలా ఉంటుందో మీకూ తెలుసు.

చివరగా బాణసంచా. దాని మెరుపులు స్ట్రోబ్‌లాగా ఒకే లయలో రావు కాబట్టి చాలామందికి ఫిట్స్ భయం తక్కువే. వాటితో పాటు లేజర్లు, మెరిసే లైట్లు కలిపిన షో అయితే మాత్రం వేరు, ముందే కనుక్కోండి. మనకి అసలు బాధ శబ్దం, ఎప్పుడు పేలుతుందో తెలియకపోవడం. అందుకే నేను పార్కు మధ్యలో నిలబడి చూడను. షోకి అరగంట ముందే బయటికి వచ్చేసి కిలోమీటరు దూరంలో ఎక్కడైనా కూర్చుంటాను. గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లే ప్రయాణిస్తుంది. పువ్వు విచ్చుకోవడం ముందు కనిపిస్తుంది, చప్పుడు వచ్చేసరికి మూడు సెకన్లు పడుతుంది, అదీ దూరం వల్ల మెత్తబడి. కనిపించగానే లోపల ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటాను. మూడు అనేసరికి చప్పుడు వస్తుంది. అప్పుడు చెవులు మూసుకోవాల్సిన అవసరం కూడా రాదు.